శ్రీరాముడికి అక్క ఉందా? – కథల పొందికపై ఒక పరిశీలన

పలువురు రచయితలు ఏళ్ళ తరబడి పెంచుకుంటూ వచ్చిన కథలో, అంతవరకూ పేరైనా వినబడని అన్నో అక్కో ఊడిపడితే అనుమానం రావడం సహజం. "ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎక్కడికి పోయినట్టు?" అని అడుగుతాం. ఈ ప్రశ్న అమెరికా వాళ్ళ 'స్టార్ ట్రెక్'కూ ఉంది, మన రామాయణానికీ ఉంది. సైన్సు విద్యార్థిగా రెంటినీ ఒకే తక్కెడలో తూచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

'స్టార్ ట్రెక్' 1966లో టెలివిజన్‌లో మొదలైంది. అందులో స్పాక్ అనే తర్కపండితుడికి తోడబుట్టినవాళ్ళు ఉన్నట్టు ఎక్కడా చెప్పలేదు. 1989లో వచ్చిన ఐదో సినిమాలో సైబాక్ అనే సవతి అన్న దిగాడు. 2017లో మొదలైన 'డిస్కవరీ'లో మైకేల్ బర్నమ్ అనే పెంపుడు అక్క వచ్చింది. అభిమానుల్లో పెద్ద రభస జరిగింది.

ఇలాంటి పాత్రకు మూడు పరీక్షలు పెట్టవచ్చు. ఒకటి: పాత కథలో చెప్పిన మాటకు అడ్డం వస్తుందా? రెండు: పాత కథ మౌనానికి కారణం దొరుకుతుందా? మూడు: ఈ పాత్ర వల్ల పాత కథలో ఏదైనా ముడి విడుతుందా?

స్పాక్ విషయంలో మొదటి పరీక్షకు ఇబ్బంది లేదు. "నాకెవరూ లేరు" అని అతను ఎన్నడూ అనలేదు. రెండోదానికీ ఆధారం ఉంది. 1967లో వచ్చిన ఒక భాగంలో రాయబారి సారెక్ తన ఓడ మీదికి వచ్చినా, ఆయన స్పాక్ తండ్రి అని కెప్టెన్ కిర్క్‌కు తెలియదు. తండ్రి మాటే ఎత్తనివాడు అన్న మాట ఎత్తుతాడా? బర్నమ్ గురించి ఎవరూ నోరెత్తకూడదన్న కట్టడి 2019లో కథలోనే పెట్టేశారు. ఇది చిరుగుకు అతుకు వేసినట్టుంది. మూడో పరీక్షలో ఇద్దరికీ మార్కులు తక్కువే.

ఇక శాంత. మన ఇళ్ళలోని పట్టాభిషేకం పటాల్లో ముగ్గురు తమ్ముళ్ళూ ఉంటారు, అక్క మాత్రం ఉండదు. వాల్మీకి బాలకాండలో శాంత అంగరాజు రోమపాదుడి కూతురు. ఆ రాజ్యంలో వానలు నిలిచిపోతే ఋశ్యశృంగుణ్ణి రప్పించి, వాన పడ్డాక శాంతనిచ్చి పెళ్ళి చేశారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సేద్యం చేసేవాళ్ళకు ఆ కరువు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఋశ్యశృంగుడే తర్వాత దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించాడు.

శాంత దశరథుడికే పుట్టి రోమపాదుడికి దత్తు పోయిందని భాగవతం నవమ స్కంధం చెబుతుంది. భవభూతి 'ఉత్తరరామచరితం' కూడా అదే అంటుంది. మన తెలుగు ఆడవాళ్ళ రామాయణం పాటల్లో ఆమె రాముడికి సొంత అక్క, ఇంట్లో మాట చెల్లే మనిషి.

మొదటి పరీక్షలో చిక్కుంది. దశరథుడు తనకు సంతానం లేదంటాడు. అయితే దత్తు పోయిన బిడ్డ పెంచినవాళ్ళ బిడ్డే అవుతుంది కాబట్టి ఆ మాట తప్పు కాదు. రెండోదానికి జవాబు బాలకాండలోనే ఉంది. యాగం ముగిశాక, రాముడు పుట్టకముందే, శాంత భర్తతో వెళ్ళిపోయింది. మూడోదానిలో శాంతకు మంచి మార్కులు పడతాయి. సుమంత్రుడు ఋశ్యశృంగుణ్ణి "అల్లుడు" అంటాడు. ఎవరి అల్లుడన్న ప్రశ్న ఉండనే ఉంది. శాంత అయోధ్యకు వచ్చినప్పుడు అంతఃపుర స్త్రీలంతా ఎంతో సంతోషించారట. పరాయి రాజు కూతురికి అంత సంబరమా? ఆడబిడ్డ పుట్టింటికి వచ్చిందనుకుంటే అది సులభంగా అర్థమవుతుంది.

అంతమాత్రాన రుజువైందని అనరాదు. అడ్డం రాని ఊహ అంతా నిజం కాదని మాకు లాబరేటరీలో రోజూ నేర్పుతారు. వాల్మీకి ఆమెను దశరథుడి కూతురని సూటిగా చెప్పలేదు. కాబట్టి నా తీర్పు ఇది: శాంత కథలో ఇముడుతుంది, సైబాక్ కంటే బర్నమ్ కంటే బాగా ఇముడుతుంది. కాని మూలంలో ఉందని పందెం కాయలేము.

ఈ లెక్క మా అవ్వకు చెబితే ఒక్క మాటంది: "పేరు ఎత్తకపోతే బిడ్డ లేనట్టేనా నాయనా?" ఆ మాట నన్ను ఇంకో వైపు తిప్పింది. మా తాత పేరున ఉన్న ఎకరాల కోసం ఇంట్లో వంశవృక్షం రాశారు. అందులో మా నాయన, చిన్నాయన ఉన్నారు. ఇద్దరు అత్తలూ లేరు. "పెండ్లయి పోయినోళ్ళు కదా" అన్నారు. మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమభాగం ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. 2005లో దేశమంతటికీ, పెళ్ళయిన కూతుళ్ళకూ హక్కు వచ్చింది. అయినా కాగితం మీద పేరు ఎక్కాలంటే రాసేవాడి చెయ్యి కదలాలి.

దత్తు పోయిన శాంత పేరును ఆడవాళ్ళు పాటల్లో నిలబెట్టుకున్నారు. మా అత్తల పేర్లు మాత్రం ఆ కాగితంలో ఇంకా ఎక్కలేదు. చదువుకున్న మనం ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఉన్న వంశవృక్షం ఒకసారి తీసి చూద్దాం.