బీపీ మాత్ర, గుండె గోడ, ఒమాన్ ఎండ

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర. సోహార్‌లో కన్‌స్ట్రక్షన్ పని. వయసు 46. నిరుడు ఎకో తీసి గుండె గోడ కొంచెం మందమైందన్నారు. అప్పటి నుంచి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. ఇప్పుడు బీపీ 126/80. కానీ ఎండలో కళ్లు తిరుగుతున్నాయి. ఆ మాత్రతో కిడ్నీలు ఖరాబవుతాయని రూమ్‌లో వాళ్లంటున్నారు. బంద్ చేయాలా?

జవాబు: మీ అంతట మీరు బంద్ చేయకండి. 126/80 వచ్చింది ఆ మాత్ర వల్లే కదా! అయితే మీ రూమ్‌వాళ్ల మాటలో కొంత నిజముంది. అది కాసేపాగి చెబుతాను.

ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమును వదులుతాయి. కాలేయం నుంచి వచ్చే ఒక ప్రొటీనును అది తుంచితే ఆంజియోటెన్సిన్-1 తయారవుతుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైము దాన్ని ఇంకాస్త కత్తిరిస్తే ఆంజియోటెన్సిన్-2. ఎనిమిది అమైనో ఆమ్లాల ఈ బుల్లి పెప్టైడ్ రక్తనాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, ఉప్పు బయటికి పోకుండా ఆపుతుంది. జూలై ఎండలో చెమటోడ్చే మనిషి సొమ్మసిల్లకుండా నిలబెట్టేవాటిలో ఇదొకటి.

ఈ పెప్టైడ్ ఏళ్ల తరబడి అతిగా పనిచేస్తేనే చిక్కు. కణాల మీద అది వచ్చి అతుక్కునే చోట్లే రిసెప్టర్లు. ఏటీ1 రిసెప్టరుకు అతుక్కుంటే నాళాలు బిగుసుకోవడంతో ఆగదు, గుండె కండర కణాలు లావెక్కుతాయి, వాటి మధ్య పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. గోడ బిరుసెక్కి, గుండె తగినంత వదులై రక్తం నింపుకోలేకపోతుంది. ఏటీ2 రిసెప్టరుది చాలావరకు దీనికి ఎదురు గుణం. ఇక ఏసీఈ2 అనే ఎంజైము (కరోనా వైరస్ కణాల్లోకి దూరింది దీన్ని పట్టుకునే) ఆంజియోటెన్సిన్-2ను గుండెకు మేలు చేసే మరో పెప్టైడ్‌గా మార్చేస్తుంది. టెల్మిసార్టాన్ మూసేది ఏటీ1నే. బీపీ అంకె బాగున్నా గోడ మందం విషయంలో దాని పని ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు కిడ్నీల సంగతి. వాంతులో విరేచనాలో పట్టుకున్నా, ఎండకు ఒళ్లు బాగా ఎండిపోయినా, ఒంటికి ఆ బిగింపు అవసరమైన రోజునే మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. బీపీ మరీ పడిపోయి కిడ్నీలకు దెబ్బ తగలొచ్చు. అలాంటి రోజు మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. నడుంనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా కొనుక్కోవద్దు. టెల్మిసార్టాన్‌తో ఈ నొప్పి మాత్రలు జోడీ కడితేనే అసలు ప్రమాదం. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోండి. కళ్లు తిరుగుతున్న విషయం ఈ వారంలోనే డాక్టరుకు చెప్పి, నిలబడినప్పుడు కూడా బీపీ చూడమనండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్నది ఒమాన్ నిబంధన. ఆ మూడు గంటలూ నీడపట్టునే ఉండండి. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ? ఉప్పెక్కువ కాబట్టి రుచికి నాలుకకు రాసుకోండి, అంతే.

ప్రశ్న: విజిట్ వీసా మీద రూవీ వచ్చిన మా మామయ్యగారికి పొడిదగ్గు తగ్గడం లేదు. ఎనలాప్రిల్ వాడుతున్నారు. ఏసీ పడలేదేమో?

జవాబు: ఏసీ కాదు, ఏసీఈ కావచ్చు! ఎనలాప్రిల్ ఆపేది ఆ ఎంజైమునే. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేది కూడా అదే కాబట్టి, ఆ పదార్థం పేరుకుని కొందరికి పొడిదగ్గు తెస్తుంది. ఈ రకం మాత్రల్లో మొదటిదైన కాప్టోప్రిల్, బ్రెజిల్ పాము విషం మీద జరిగిన పరిశోధనల నుంచి పుట్టింది. డాక్టరుతో మాట్లాడితే టెల్మిసార్టాన్ లాంటి సార్టాన్ రకానికి మార్చవచ్చు. వాటితో ఈ దగ్గు అరుదు. పెదాలో నాలుకో వాచాయా, ఆలోచించకుండా ఎమర్జెన్సీ నంబరు 9999కు ఫోన్ చేయండి.