పదో తరగతి ఇచ్చారా? ముందు ఈ సంగతులు చూసుకోండి

డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చిన తొలి ఏడాదే పదో తరగతి చేతికొస్తే భయం సహజమే. పాస్ పర్సంటేజీ ఎంతని హెచ్.ఎం. మిమ్మల్ని అడుగుతారు, డీఈఓ ఆఫీసు ఆయన్ను అడుగుతుంది. ఇది మారదు. కానీ ఆ ఒత్తిడిని ఉన్నదున్నట్టు పిల్లల నెత్తిన దించాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంది.

ఎక్కువ తప్పులు స్లిప్ టెస్ట్ పేపర్లు పంచేటప్పుడు జరుగుతాయి. మార్కులు పైకి చదువుతాం, తక్కువ వచ్చినవాళ్లను నిలబెడతాం. తర్వాత టెస్ట్ రోజు కడుపునొప్పంటూ బడి మానేసేది వాళ్లే. పేపరు మడిచి చేతికివ్వండి. ఎక్కడ ఆగిపోయారో విడిగా కూర్చోబెట్టి చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించిందని గుర్తుంచుకోండి.

బాగా చదివేవాళ్ల ఆందోళన మన కంటికి ఆనదు. ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి ప్రీ-ఫైనల్ లెక్కల పేపరు సగం ఖాళీగా ఇచ్చిందనుకోండి. తిరగేసి చూస్తే మొదటి లెక్కే మూడుసార్లు చేసి కొట్టేసి ఉంటుంది. అది నిర్లక్ష్యం కాదు, భయం. ‘నీ మీదే ఆశలు పెట్టుకున్నాం’ అన్నారా, ఇంకా బిగుసుకుపోతుంది. రాత్రి ఎన్నింటికి పడుకుందో, పొద్దున తిన్నదో లేదో, పేపరు చూడగానే ఏమనిపించిందో అడగండి. వచ్చిన లెక్కతో మొదలుపెట్టమని ఒకటి రెండు పేపర్లు టైం పెట్టి రాయించండి. వాటికి మార్కులు వేయకండి.

కోపంలో ఉన్నప్పుడు ఏ పిల్లాడి నాన్నకూ ఫోన్ చేయొద్దు. మీరు రెండు నిమిషాల్లో మర్చిపోతారు, ఆ సాయంత్రం ఇంట్లో దెబ్బలు తినేది ఆ పిల్లాడు.

పిల్లల్లో ఎవరైనా నిద్ర పట్టడం లేదన్నా, స్నేహితులకు దూరంగా ఉంటున్నా, ‘నేనుండి ఏం లాభం’ అన్నా తేలిగ్గా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, ఒంటరిగా వదలకండి. హెచ్.ఎం.కు, ఇంట్లోవాళ్లకు అప్పుడే చెప్పండి. టెలీ మానస్ 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వొచ్చు. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఫెయిలైనవాళ్లకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందన్న సంగతి ఫలితాలొచ్చాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది, నమ్మరు. పరీక్షలకు ముందే, తల్లిదండ్రుల మీటింగ్‌లోనే చెప్పేయండి. పాసవడం అనుమానంగా ఉన్న పిల్లల ఇంటి నంబర్లు దగ్గర పెట్టుకోండి. ఫలితాల రోజు మొదటి ఫోన్ వాళ్లకే చేయండి. టాపర్లకు తర్వాత చెయ్యొచ్చు.