అన్నదాన సంఘమునకు కంప్యూటరు లెక్క

అన్నదానమునకు మించిన దానము లేదని మన పెద్దల మాట. చిత్తూరు జిల్లా ఐరాల మండలములోని కాణిపాకమున శ్రీ వరసిద్ధి వినాయకస్వామి దర్శనమునకు వచ్చిన భక్తులకు అన్నదానము జరుగుచున్నది. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానము, 2011లో ఆరంభింపబడిన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున నేడును సాగుచున్నది. ఇట్టి చోట్ల పంక్తిలో కూర్చున్నవారి పేరు అడుగవలసిన పని లేదు. ఆకు వేసి వడ్డించుటయే ధర్మము.

అయితే అన్నదానమునందు రెండవ విధము గలదు. పంక్తికి రాలేనివారు ప్రతి ఊరను ఉందురు. మంచము పట్టినవారు, బిడ్డలు పట్టణములకు వలసపోగా ఒంటరిగా మిగిలిన అవ్వలు, తాతలు, జబ్బుచేత కూలికి పోలేని కుటుంబములవారు అట్టివారు. వీరి గడపకు బియ్యము, పప్పు చేర్చుటకు కొన్ని గ్రామములలో యువకులు సంఘములుగా ఏర్పడుచున్నారు. ఈ దానమునకు లెక్క కావలెను. ఆ లెక్కను కంప్యూటరునకు ఎక్కింపదలచిన సంఘము ముందుగా ఏమి ఆలోచింపవలెనో ఈ పాఠమున పరిశీలింతము.

మూడు పట్టీలు

యంత్రమును కొనుటకు ముందు మూడు పట్టీలను సిద్ధపరచవలెను. మొదటిది మనుష్యుల పట్టీ. ఇందు ప్రతి గడపకు ఒక సంఖ్య, ఇంటిలోని వారెందరు, వారు తినగలిగినదేమి, తినరానిదేమి అను సంగతులు ఉండవలెను. రెండవది సరకుల పట్టీ. ఏ సరకు ఎంత వచ్చినది, ఏ దినమున వచ్చినది, ఎన్నాళ్లు నిలువయుండును అని వ్రాయవలెను. ముందుగా పాడగు సరకును ముందుగా పంచవలెను. మూడవది అందజేతల పట్టీ. ఏ గడపకు, ఏ దినమున, ఎంత, ఎవరు చేర్చిరో ఇందు తెలియును.

పెండ్లి విందులలో మిగిలిన వంటకములను ఈ నిలువ సరకులతో కలిపి లెక్కింపరాదు. మిగులు ఆహారమును సేకరించి పంచుటకు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు చేసినది. వండిన వేళ, తెచ్చిన వేళ తెలియని వంటకమును తీసికొనకుండుటే మేలు.

అందనివారి జాబితా

ఇక లెక్క చూతము. ఒక సంఘము 60 గడపలకు నెలకు 5 కిలోల చొప్పున బియ్యము ఇచ్చుచున్నదనుకొందము. కావలసినది 300 కిలోలు, అనగా 25 కిలోల బస్తాలు 12. నెలాఖరున చూడగా ఒక బస్తా మిగిలినది. లెక్క తెలిసినవాడు వెంటనే, ‘బియ్యము ఆదా అయినది’ అని సంతోషించును. కాని ఆ బస్తా ఆదా కాదు. అది ఐదు గడపలకు చేరని అన్నము. ఆ ఐదు గడపలు ఏవి? ఎందుచేత చేరలేదు? తలుపు తాళము వేసియుండెనా? వాగు పొంగి దారి మూసికొనెనా? ఆ ఇంటి అవ్వ ఆసుపత్రిలో నున్నదా?

కంప్యూటరు చేయవలసిన ముఖ్యమైన పని ఇదియే. ఎందరికి ఇచ్చితిమి అను పెద్ద సంఖ్యను గోడమీద చూపుటకు యంత్రమక్కరలేదు. ప్రతి సాయంకాలమును అందనివారి జాబితాను మన ముందుంచుటకే అది కావలెను. ఆ జాబితాను చూచి మరునాడు ఆ గడపలకు పోవలసినవారెవరో కూడ ముందుగనే నిర్ణయించుకొనవలెను.

వ్రేలిముద్ర పడనప్పుడు

ఈ విషయమున మన రాష్ట్రపు అనుభవము గొప్ప పాఠము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన కాలమున లెక్కలన్నియు కాగితము మీదనే సాగెను. 2015 మొదలు చౌకధరల దుకాణములలో వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. సరకు దారి తప్పుట తగ్గుటకు ఇవి సాయపడినవి. కాని మట్టిపని చేసి, కలుపు తీసి అరిగిన వ్రేళ్లను యంత్రము కొన్ని వేళల గుర్తింపలేకపోయెను. సంకేతము లేని పల్లెలలో యంత్రము పలుకకుండెను. అందుచేత కంటిపాప గుర్తింపు వంటి ఇతర మార్గములను కల్పింపవలసి వచ్చినది.

దీనినుండి మనము గ్రహింపవలసిన సూత్రమొక్కటియే. యంత్రము ‘కాదు’ అన్నప్పుడు ‘అవును’ అనగల మనిషి ఒకడుండవలెను. ఊరివారు ఎరిగిన ఇద్దరు సాక్ష్యము చెప్పినచో సరకు ముందు ఇచ్చి, కారణము తరువాత వ్రాసికొనవలెను.

కాణిపాక స్థలపురాణమున ముగ్గురు సోదరులు గలరు. ఒకరు గ్రుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. వారు బావి త్రవ్వుచుండగా స్వామి వెలసెనని చెప్పుదురు. మన ఏర్పాటు ఈ ముగ్గురికిని ఉపయోగపడునా అని ప్రశ్నించుకొనుట మంచిది. ఫోనులో వచ్చు సందేశమును గ్రుడ్డివాడు చదువలేడు. పిలుపును చెవిటివాడు వినలేడు. తనకు అందలేదని మూగవాడు చెప్పలేడు. గడపకు పోవు మనిషియే ఈ ముగ్గురికిని దిక్కు.

ఏమి కావలెనో అడుగవలెను

అమెరికాలో ఆహార నిధులకు సరకు పంచు ఒక జాతీయ సంస్థ యున్నది. 2005కు ముందు అది వరుసలో ముందున్న నిధికి వచ్చిన సరకును ఇవ్వజూపెడిది. వారి కొట్టులో అదివరకే ఏమున్నదో చూచెడివారు కారు. ఉర్లగడ్డలు విరివిగా పండు ఐడహో రాష్ట్రమునకే ఉర్లగడ్డలు పోయెడివని చెప్పుదురు. మామిడి కాలమున ఐరాలకు తోతాపురి కాయలు పంపినట్లన్నమాట! 2005లో పద్ధతి మారెను. అవసరమును బట్టి ప్రతి నిధికిని కొన్ని వంతులు కేటాయించి, వానితో తమకు కావలసిన సరకును తామే కోరుకొనునట్లు కంప్యూటరు ద్వారా ఏర్పాటు చేసిరి.

మన సంఘమునకు అంత యంత్రాంగము వలదు. ‘మీకు వచ్చు నెల ఏమి కావలెను?’ అని గడపగడపను అడిగి వ్రాసికొనిన చాలును. చక్కెర జబ్బు గల తాతకు బెల్లము కన్న రాగులు మేలు కావచ్చును.

మొదటి నెల కాగితము మీదనే

మొదటి నెల పట్టీలను కాగితము మీదనే నడుపవలెను. కాగితము మీద పొసగని లెక్క కంప్యూటరులోను పొసగదు. రెండవ నెల ఒక్క ఫోనులోనో, ఒక్క కంప్యూటరులోనో ఎక్కించి, కాగితముతో సరిచూడవలెను. సంకేతము లేకున్నను పనిచేయు పద్ధతినే ఎన్నుకొనవలెను. లెక్క తెలిసినవారు ఇద్దరైనను ఉండవలెను; ఒకడు ఊరు విడిచిన యెడల సంఘము ఆగరాదు.

దానము పుచ్చుకొనువారి పేర్లను, ఛాయాచిత్రములను నలుగురిలో ప్రకటింపరాదు. ఆకలి తీర్చి అభిమానమును గాయపరచినచో దానము సగమే యగును.

ఇట్లు ఆలోచించి దిగిన సంఘమునకు యంత్రము మంచి సేవకుడు కాగలదు. నెలాఖరున మిగిలిన బస్తాను చూచినప్పుడు, ‘ఇది ఎవరి అన్నము?’ అని అడుగుట మాత్రము మన పని. గ్రామ సోదర సోదరీమణులు ఈ ప్రశ్నను మరువకుందురుగాక!