పై మెట్టు ఎక్కాక పాత సర్టిఫికెట్ అక్కరలేదా?



మన హాస్టల్‌లో బైపీసీ చదివే వారిలో చాలామంది నర్సింగ్ వైపు వెళ్తున్నారు. ఇక్కడ చదివి వెళ్ళిన అక్కలు కొందరు ఇప్పటికే ఆసుపత్రుల్లో, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్నారు. పై చదువు చదివి పై ఉద్యోగంలోకి వెళ్ళాక వారిలో ఒక సందేహం వస్తుంది. "ఇంతకుముందు కష్టపడి తెచ్చుకున్న ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్‌ను ఇంకా డబ్బు కట్టి నిలుపుకోవాలా?" దీనికి జవాబు తెలియాలంటే ముందు కాగితాల మధ్య తేడా తెలియాలి.

మూడు కాగితాలు - మూడు పనులు

1. చదువు పట్టా: జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ వంటివి. వీటికి గడువు ఉండదు. ఒకసారి వస్తే జీవితాంతం మీదే.

2. రిజిస్ట్రేషన్: రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే నమోదు. నర్సుగా పనిచేసే హక్కు దీనివల్లే వస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ విధానం ప్రకారం దీన్ని 5 ఏళ్ళకొకసారి రెన్యువల్ చేసుకోవాలి. ఆ 5 ఏళ్ళలో 150 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి. అంటే ఏడాదికి 30 గంటలు.

3. ప్రత్యేక నైపుణ్య సర్టిఫికెట్: ఒక విభాగంలో మీ చేతికి పని వచ్చని చెప్పేది. ఉదాహరణకు గుండె ఆగిన మనిషికి ప్రథమ సాయం చేసే బి.ఎల్.ఎస్. శిక్షణ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే ఈ కార్డు 2 ఏళ్ళే చెల్లుతుంది.

మొదటిది పోదు. రెండవదాన్ని పోనివ్వకూడదు. ఆలోచించవలసింది మూడవదాని గురించే.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరు?

రోగిని పరీక్షించి, తనకున్న పరిధిలో చికిత్స కూడా చేయగలిగేలా పై శిక్షణ పొందిన నర్సును నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. ఈ శిక్షణ 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి దీన్ని ప్రారంభించారు. మన దేశంలో క్రిటికల్ కేర్‌కు 2 ఏళ్ళ కోర్సు, ప్రసవ సేవలకు 18 నెలల కోర్సు ఉన్నాయి. తెలంగాణలో 2017లోనే ప్రసవ సేవల శిక్షణ మొదలైంది.

అమెరికాలో ఐ.సి.యు. నర్సుకు సి.సి.ఆర్.ఎన్. అనే సర్టిఫికెట్ ఉంటుంది. దాన్ని 3 ఏళ్ళకొకసారి రెన్యువల్ చేయాలి. అందుకు ఆ 3 ఏళ్ళలో కనీసం 432 గంటలు ప్రాణాపాయ స్థితిలోని రోగుల దగ్గర పనిచేసి ఉండాలి. ఆ నర్సే తరువాత కుటుంబ ఆరోగ్య క్లినిక్‌లో ప్రాక్టీషనర్‌గా చేరితే ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే కొందరు దాన్ని వదిలేస్తారు. క్రిటికల్ కేర్ విభాగంలోనే కొనసాగేవారు నిలుపుకుంటారు. రెండూ తప్పు కాదు.

మన తీరం సంగతి

మన ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన వారు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా ఉంటున్నారు. వీరు పూర్తి అర్థంలో నర్స్ ప్రాక్టీషనర్లు కారు గాని ఆ దారిలోని వారే. బి.పి., షుగర్ చూస్తారు, మందులిస్తారు, అవసరమైతే ఫోన్ ద్వారా డాక్టరుకు చూపిస్తారు.

వీరిలో ఒకరికి అప్పుడే పుట్టిన బిడ్డల సంరక్షణలో శిక్షణ ఉందనుకోండి. రోజువారీ పనిలో అది కనిపించదు. కానీ 2021 నవంబరు వరదల్లో పెన్నా పొంగి పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అటువంటి రాత్రి పల్లెలో నొప్పులు మొదలైతే అంబులెన్స్ రాలేదు. బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలో తెలిసిన చెయ్యి అక్కడ ఉండాలి. కాబట్టి ఆ శిక్షణను మన తీరంలో పాతదని వదలకూడదు. అదే ఆపరేషన్ థియేటర్ శిక్షణ అయితే, పల్లె కేంద్రంలో దానికి పనిలేదు. మళ్ళీ థియేటర్‌కు వెళ్ళే ఉద్దేశం లేకపోతే డబ్బు ఖర్చు చేయనవసరం లేదు.

నిర్ణయానికి మూడు ప్రశ్నలు

• ఈ నైపుణ్యం ఇప్పటి పనిలో గాని, ఆపద వేళ గాని ఉపయోగపడుతుందా?
• నాలుగైదేళ్ళలో ఆ విభాగానికి తిరిగి వెళ్ళే అవకాశం ఉందా?
• ఒకసారి వదిలితే మళ్ళీ పరీక్ష రాసి తెచ్చుకోవడం కష్టమా?

ఒక్కదానికైనా "అవును" అంటే నిలుపుకోండి. మూడింటికీ "కాదు" అయితే వదలండి. అయితే గడువు తీరిన సర్టిఫికెట్‌ను పేరు పక్కన రాసుకోకూడదు. అది రోగిని మోసం చేయడమే.

రిజిస్ట్రేషన్ విషయంలో మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. పల్లె కేంద్రాల్లో ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి. రేపు కాంట్రాక్టు ముగిసినా, గల్ఫ్‌కో బ్రిటన్‌కో దరఖాస్తు పెట్టినా మొదట అడిగేది అదే. మనలాంటి ఇళ్ళలో ఆ ఒక్క కాగితం మీద కుటుంబం మొత్తం ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడే చేయవలసినవి

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఇంటిపేరే అన్ని కాగితాల్లో ఉండేలా చూసుకోండి. ప్రతి సర్టిఫికెట్ గడువు తేదీని ఒక నోటుబుక్కులో రాయండి. శిక్షణకు వెళ్ళిన ప్రతిసారీ హాజరు పత్రం అడిగి తీసుకోండి. పై చదువు పూర్తయితే దాన్ని కూడా కౌన్సిల్‌లో నమోదు చేయించండి.

పై మెట్టు ఎక్కడం గొప్పే. కింది మెట్లలో ఏది ఇంకా మన బరువు మోస్తున్నదో తెలుసుకుని ఎక్కడం తెలివి.