నెట్ లేకపోయినా నడిచే బిల్డ్ సర్వర్: లైనక్స్ మీద టీమ్‌సిటీ, పోస్ట్‌గ్రెస్

2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులు కాదు, చాలా రోజులు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని, సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదకి వెళ్ళారని వార్తలొచ్చాయి. తుఫాను వచ్చినప్పుడు కూడా మనకి ముందు పోయేవి కరెంటు, నెట్టు. మరి మన ప్రాజెక్టు కోడ్‌ని పరీక్షించే సర్వర్ ఎక్కడో అమెరికా క్లౌడ్‌లో ఉంటే? నెట్‌తో పాటు అదీ పోయినట్టే. అందుకే ల్యాబ్‌లోనే, మన కంప్యూటర్ మీదే ఒకటి పెట్టుకోవడం నేర్చుకుందాం.

సీఐ అంటే మన ఊళ్ళో సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఇక్కడ మాత్రం కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్. టీమ్‌లో ఎవరు కోడ్ పంపినా సర్వర్ దాన్ని వెంటనే తీసుకుని, బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, పాసో ఫెయిలో చెబుతుంది. ఈ పనికి జెంకిన్స్ చాలామందికి తెలుసు. అది తన వివరాలన్నీ ఫైళ్ళలోనే దాచుకుంటుంది. జెట్‌బ్రెయిన్స్ వాళ్ళ టీమ్‌సిటీ అయితే బిల్డ్ చరిత్ర, టెస్టు ఫలితాలు, యూజర్ల వివరాలు డేటాబేస్‌లో పెడుతుంది. ఉచిత లైసెన్స్‌తో 100 బిల్డ్ కాన్ఫిగరేషన్లు, 3 ఏజెంట్లు వస్తాయి. స్టూడెంట్ ప్రాజెక్టులకి ఇది చాలు.

టీమ్‌సిటీతో పాటే ఒక చిన్న డేటాబేస్ వస్తుంది. పేరు హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ. చూసి నేర్చుకోవడానికే అది, అసలు పనికి కాదని తయారుచేసినవాళ్ళే చెబుతారు. కొబ్బరి దింపు సంగతి మీకు తెలుసుగా. చెట్టెక్కేవాళ్ళు మారతారు, కాయలు లెక్కపెట్టేవాళ్ళు మారతారు. లెక్క పుస్తకం మాత్రం ఇంట్లో భద్రంగా ఉండాలి. మన లెక్క పుస్తకం పోస్ట్‌గ్రెస్.

మొదటి పని డేటాబేస్. ఉబుంటులో ఆప్ట్‌తో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేయండి. పోస్ట్‌గ్రెస్ అనే లైనక్స్ యూజర్‌గా మారి పీఎస్‌క్యూఎల్ తెరవండి. పాస్‌వర్డ్‌తో టీమ్‌సిటీ అనే యూజర్‌ని, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో ఒక డేటాబేస్‌ని సృష్టించండి. ఆ డేటాబేస్‌కి ఓనర్‌గా ఆ యూజర్‌నే పెట్టండి. వెర్షన్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో టేబుళ్ళు కట్టే హక్కు అందరికీ ఉండదు. ఓనర్‌ని సరిగ్గా పెట్టకపోతే టీమ్‌సిటీ మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది.

రెండోది టీమ్‌సిటీ. జావా ముందే ఉండాలి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ని ఆప్ట్ అనే ఫోల్డర్‌లో విప్పండి. రూట్‌గా నడపొద్దు, దీనికని వేరే లైనక్స్ యూజర్‌ని పెట్టండి. బిన్‌లో ఉన్న రన్‌ఆల్ స్క్రిప్ట్‌ని స్టార్ట్ అని నడిపితే సర్వర్, దాంతో పాటు ఒక ఏజెంట్ లేస్తాయి. బ్రౌజర్‌లో 8111 పోర్ట్ తెరవండి. ముందు డేటా డైరెక్టరీ ఎక్కడో అడుగుతుంది, తర్వాత డేటాబేస్ ఏదో అడుగుతుంది. అక్కడ పోస్ట్‌గ్రెస్ ఎంచుకోండి. జేడీబీసీ డ్రైవర్ కావాలంటుంది. నెట్ ఉంటే ఆ పేజీలోనే బటన్ నొక్కి దించుకోవచ్చు. లేకపోతే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన జార్ ఫైల్‌ని డేటా డైరెక్టరీలోని లిబ్, అందులోని జేడీబీసీ ఫోల్డర్‌లో వేయండి. లోకల్‌హోస్ట్, పోర్ట్ 5432, డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే టేబుళ్ళు అదే కట్టుకుంటుంది. ఇంకో కంప్యూటర్ నుంచి ఏజెంట్‌ని కలిపితే, వెబ్ పేజీలో దాన్ని ఆథరైజ్ చేయడం మరవకండి.

మూడోది కరెంటు సంగతి. సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్ రాసి, పోస్ట్‌గ్రెస్ లేచాకే టీమ్‌సిటీ లేవాలని అందులో చెప్పండి. కరెంటు రాగానే మెషిన్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా బయోస్‌లలో ఉంటుంది, అదీ పెట్టండి. కరెంటు ఠక్కున పోయినా పోస్ట్‌గ్రెస్ తన లాగ్ చూసుకుని సరైన స్థితికి రాగలదు. దాన్ని ఎంచుకోవడానికి ఇదో పెద్ద కారణం.

నాలుగోది నెట్ సంగతి. సర్వర్ ల్యాబ్‌లో ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. కోడ్ గిట్‌హబ్‌లోనే ఉంటే నెట్ పోయిన రోజు సర్వర్‌కి అందదు. ల్యాబ్ మెషిన్ మీదే ఒక గిట్ రిపాజిటరీ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అందరూ దానికే పుష్ చేయాలి. మావెన్ లాంటివి లైబ్రరీలని నెట్ నుంచి దించుతాయి. నెట్ ఉన్నప్పుడే ఒకసారి పూర్తి బిల్డ్ చేయిస్తే అవి ఏజెంట్ మెషిన్‌లో నిలవ ఉంటాయి, ఆ తర్వాత ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో నడపొచ్చు.

చివరిది బ్యాకప్. డేటాబేస్ ఒక్కటే దాస్తే సరిపోదు. ప్రాజెక్ట్ సెట్టింగులు డేటా డైరెక్టరీలో ఉంటాయి. రెండూ ఒకే సమయానివి కావాలి. అడ్మినిస్ట్రేషన్ పేజీలోని బ్యాకప్ ఈ రెండింటినీ కలిపి ఒక జిప్ చేస్తుంది. బిల్డ్‌లో తయారైన జార్‌లు, ఏపీకేలు మాత్రం అందులో రావు, వాటిని విడిగా కాపీ చేయాలి. ఆ జిప్ అదే మెషిన్‌లో ఉంటే లాభం లేదు, వేరే డిస్క్‌లోకి వెళ్ళాలి. రిస్టోర్ చేసేటప్పుడు టీమ్‌సిటీ వెర్షన్ అదే ఉండాలి, కాబట్టి ఇన్‌స్టాల్ చేసిన ఫైల్‌ని కూడా జిప్ పక్కనే దాచండి.

అంతా అయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. ల్యాబ్‌కి వచ్చే నెట్ కేబుల్ తీసేసి ఒక కమిట్ పుష్ చేయండి, బిల్డ్ పూర్తవ్వాలి. ఇంకో పాత పీసీలో ఖాళీ డేటాబేస్ పెట్టి బ్యాకప్‌ని రిస్టోర్ చేయండి, పాత బిల్డులన్నీ కనబడాలి. సెమిస్టర్‌కి ఒకసారి ఈ రెండూ చేస్తే చాలు. ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోయినా, వాళ్ళ ప్రాజెక్టులో ఏ రోజు ఏ టెస్టు ఎందుకు ఫెయిలైందో జూనియర్లు తెరిచి చూసుకోగలుగుతారు.