చూడి గేదెకున్న శ్రద్ధ చూలాలికి ఉన్నదా?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, మహిళా సభ్యుల కొరకు పాఠం)

గేదె చూడి కట్టినదని తెలిసిన నాటి నుండి మన రైతు లెక్క మొదలుపెడతాడు. సూది వేయించిన తేదీ అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండడం ఆపి ఒట్టిపోనిస్తాడు. దాణా పెంచుతాడు. జారుడు నేల మీద కట్టడు, మిగతా పశువులతో పొడుచుకోనివ్వడు. అదే ఇంటి కోడలు ఎనిమిదో నెల మోస్తూ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వస్తూ ఉంటే, అది మనలో ఎందరికి తప్పుగా తోస్తున్నది? మనిషిని పశువుతో పోల్చకూడదని మాకూ తెలుసు. పశువుకు దొరికే విశ్రాంతి అయినా ఆ తల్లికి దక్కడం లేదన్న బాధతోనే ఈ పోలిక తేవలసి వచ్చింది.

ఒక సంఘంలో జరిగినది

కొన్నేళ్ల క్రితం మేము ఒక సంఘం తనిఖీకి వెళ్లాము. ఉదయం పాల సేకరణ వేళ. ఒక యువతి, నెలలు నిండుతున్న మనిషి, రోజూ ఆలస్యంగా పాలు తెస్తున్నదనీ, పాసుపుస్తకం తేవడం మరచిపోతున్నదనీ కార్యదర్శి ఫిర్యాదు చేశాడు. మేమూ ముందు వెనుకలు విచారించలేదు. పదిమందిలో ఆమెకు నియమాలు చెప్పి మందలించాము. ఆమె మారు మాట్లాడలేదు. తల దించుకొని ఖాళీ క్యాను తీసుకొని వెళ్లిపోయింది.

తరువాతి తనిఖీలో ఆశా కార్యకర్త వలన అసలు సంగతి తెలిసింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదట. రెండోసారి కూడా అదే జరుగుతుందన్న భయంతో ఆమెకు రాత్రుళ్లు నిద్ర లేదు, అన్నం సహించదు, ఎవరితోనూ మాట లేదు. చివరకు పుట్టింటివారు వచ్చి తీసుకొని వెళ్లి డాక్టరుకు చూపించారు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. కాని రిజిస్టరులో పది గ్రాముల తేడా పట్టుకోగలిగిన మా కంటికి ఎదుట నిలబడిన మనిషిలో తేడా కనిపించలేదు. ఈ పాఠం రాయడానికి అదే కారణం.

మేము డిప్లొమా చదివినది సహకార శాస్త్రంలో, వైద్యంలో కాదు. కనుక సొంత వైద్యం చెప్పబోవడం లేదు. పరిశోధకులు తేల్చిన విషయాలలో మన సంఘాలకు పనికివచ్చేవి మాత్రమే చెబుతున్నాము.

ఇది ఎంతమంది సమస్య?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాలలో గర్భిణులలో 15.6 శాతం, కాన్పయిన తల్లులలో 19.8 శాతం మంది మానసిక అస్వస్థతకు గురవుతున్నారు. ఇందులో ఎక్కువ భాగం మనోవ్యాకులత, అనగా డిప్రెషన్. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన పరిశీలనలో కాన్పు తరువాత మనోవ్యాకులత 22 శాతం మందిలో కనిపించింది. అయిదుగురిలో ఒకరు అనుకోవచ్చును.

కడుపుతో ఉన్నప్పుడు అలసట, వికారం, చిన్న దిగులు సహజమే. కాని రెండు వారాలు దాటినా దిగులు వీడకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోవడం, తనవల్ల ఏమీ కాదనుకోవడం, చచ్చిపోవాలనిపించడం వంటివి జబ్బు గుర్తులు. ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. పశువు మేత మానితే డాక్టరును పిలుస్తాము. మనిషి తిండి మానితే "వేషాలు" అంటాము. ఈ మాట మన ఇళ్లలో నుండి పోవాలి.

మాట తీరు మారిస్తే ఏమైనది?

పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో డాక్టర్ అతిఫ్ రహ్మాన్ బృందం జరిపిన పరిశోధన 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. 40 ప్రాంతాలను రెండు భాగాలు చేశారు. నెలలు నిండుతూ మనోవ్యాకులతతో బాధపడుతున్న 903 మంది తల్లులను ఎంచుకున్నారు. రెండు వైపులా గ్రామ ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లారు. వెళ్లిన సార్లూ సమానమే. ఒక వైపు కార్యకర్తలకు మాత్రం రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. "నా రాత ఇంతే" వంటి ఆలోచనను గుర్తించడం, దాని బదులు మేలైన ఆలోచన చూపడం, మళ్లీ వచ్చేలోగా చేయడానికి ఒక చిన్న పని అప్పగించడం, ఇంట్లోవారినీ ఆ మాటల్లో కలుపుకోవడం ఆ శిక్షణ సారం.

బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి శిక్షణ పొందినవారు చూసిన తల్లులలో 23 శాతం మందికే వ్యాకులత మిగిలింది. రెండో వైపు అది 53 శాతం. ఏడాది నాటికి 27, 59 శాతాలు. మొదటి వైపు పిల్లలకు విరేచనాలు తగ్గాయి. తల్లే కాక తండ్రి కూడా బిడ్డతో ఆడుకునే సమయం పెరిగింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని తన శిక్షణ పుస్తకంగా 2015లో తెచ్చింది.

ఇందులో మనకు పాఠం ఏమిటి? ఇంటికి వెళ్లిన సార్లు సమానమైనా ఫలితం సమానం కాలేదు. తేడా అంతా మాట్లాడిన తీరులో ఉన్నది. మేము ఆనాడు పాల కేంద్రంలో మాట్లాడిన తీరు ఎట్టిదో చదువరులే గ్రహించగలరు.

సమావేశమే మందు

రెండో ఉదాహరణ సహకార సంఘాలకు ఇంకా దగ్గరిది. జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావన్ జిల్లాలలోను, ఒడిశాలోని కెంఝర్ జిల్లాలోను 2005 నుండి 2008 వరకు ఏక్‌జుట్ అనే సంస్థ పనిచేసింది. 36 ప్రాంతాలలో సగం చోట్ల 244 మహిళా బృందాలు నెలనెలా కూర్చున్నాయి. నడిపినది స్థానిక మహిళే. ఉపన్యాసాలు లేవు. కథలు చెప్పుకున్నారు, బొమ్మల అట్టలు చూసుకున్నారు, తమ ఊరిలో తల్లులు, పసికందులు ఎందుకు పోతున్నారో తామే చర్చించారు. ఏది ముందు చేయాలో నిర్ణయించారు, చేశారు, చివరకు ఏ మేరకు జరిగినదో లెక్క చూసుకున్నారు. మొత్తం 20 సమావేశాలు.

ఆ మూడేళ్లలో బృందాలున్న ప్రాంతాలలో నెలలోపు శిశు మరణాలు 32 శాతం తక్కువగా ఉన్నాయి. కాన్పు చేసేవారు చేతులు కడుక్కోవడం, శుభ్రమైన సామగ్రి వాడడం పెరిగాయి. తల్లుల మనోవ్యాకులత విషయంలో మూడేళ్లూ కలిపి చూస్తే స్పష్టమైన తేడా లేదు. కాని మూడో ఏట ఒక మోస్తరు వ్యాకులత 57 శాతం తగ్గింది. అనగా ఓర్పు కావాలి. మొదటి సమావేశానికే ఫలితం చూపమనరాదు.

సమస్య గుర్తించడం, తీర్మానించడం, అమలు చేయడం, సమీక్షించడం. ఇది మన సంఘాలకు కొత్త పని కాదు. పశుదాణాకూ బోనస్‌కూ వాడే పద్ధతినే తల్లికీ బిడ్డకూ వాడమంటున్నాము.

సంఘం చేయగలిగినవి

1. ఇంటి పాలు ముందు, కేంద్రం పాలు తరువాత. వెన్న శాతానికి ఆశపడి చివరి చుక్క దాకా కేంద్రంలో పోసి, చూలాలికి నీళ్ల మజ్జిగ మిగల్చడం లాభం కాదు. రోజుకు అర లీటరు ఆమెకు తీసి ఉంచి, మిగిలినవే పోయండి. ఆ మేరకు బిల్లు తగ్గితే తగ్గనీయండి.

2. రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. పాలతోగాని టీతోగాని వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. క్యాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇది పాడి ఇళ్లలో తరచు జరిగే పొరపాటు.

3. బరువు పనులు. గడ్డిమోపు, పేడ తట్ట, పాల క్యాను ఇంట్లో మరొకరు మోయాలి. మగవారు పేడ ఎత్తితే పరువు పోదు.

4. ఈసుకుపోయిన పశువు. నెలలు నిండకముందే పశువు దూడను పడవేస్తే బ్రూసెల్లా వ్యాధి కావచ్చును. ఆ దూడను, మాయను గర్భిణి ముట్టుకోరాదు. ఈ వ్యాధి మనుషులకూ సోకి గర్భస్రావానికి దారితీయవచ్చును. మిగిలినవారైనా చేతి తొడుగులు వేసుకొని, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పాలు కాచే తాగాలి. పచ్చిపాలు బలమన్న మాట నమ్మవద్దు. నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు టీకా వేయించండి.

5. కేంద్రంలో మాట. చూలాలు, బాలింత వస్తే వరుసలో నిలబెట్టక ముందుగా పాలు కొలవండి. "ఎట్లా ఉన్నావమ్మా, అన్నం తింటున్నావా, నిద్ర పడుతున్నదా?" అని అడగండి. అడిగి, జవాబు వినండి.

6. గుర్తులు కనిపిస్తే ఆశా కార్యకర్తకుగాని ఏ.ఎన్.ఎం.కుగాని చెప్పండి. పదిమందిలో చర్చించకండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఉచితంగా ఫోను చేయవచ్చును. చావు మాట నోట వస్తే ఆమెను ఒంటరిగా వదలక వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్లండి.

రాబోయే నెల సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సభ్యుల ఇళ్లలో ఇప్పుడు గర్భిణులు ఎందరు? బాలింతలు ఎందరు?
2. వారిలో పాలు తాగుతున్నవారు ఎందరు, పోసి ఊరుకుంటున్నవారు ఎందరు?
3. వారి బరువు పనులు ఎవరు పంచుకుంటున్నారు?
4. ఎవరితో మాట్లాడే బాధ్యత ఏ మహిళా సభ్యురాలు తీసుకుంటుంది?

జవాబులను మినిట్స్ పుస్తకంలో పేర్లు లేకుండా, సంఖ్యలు మాత్రమే రాయండి. మూడు నెలల తరువాత అవే ప్రశ్నలు మళ్లీ వేసుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు మేము నగదు పుస్తకంతో పాటు ఆ పేజీ కూడా తిరగవేస్తాము. తప్పు పట్టడానికి కాదు. ఈసారి చూడవలసినది చూడకుండా వెళ్లకూడదని.