పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: మా చెల్లెలి ఆఫర్ లెటర్ ఎక్కడికి పోయింది?

కిందటి నెల ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకి కడప నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నా, మా బ్యాచ్‌లో అందరికీ ఆఫర్ లెటర్ మెయిల్ వచ్చిందంట. నాకొక్కదానికే రాలేదు. సాయంత్రం ఐదులోపల యాక్సెప్ట్ చేయాలంట, ఏం చేసేది ఇప్పుడు?"

నేనేమో కర్నూలులో ఉన్నాను. ఆమె ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసింది నేను, మెయిల్ సెట్ చేసింది నేను. కాబట్టి తప్పు కూడా నాదే అయ్యుంటుందని అప్పుడే డౌట్ వచ్చింది. ఆ మెయిల్ ఎక్కడ దొరికిందో మూడో స్టెప్‌లో చెప్తాను. ముందు ఆ ల్యాప్‌టాప్ గురించి చెప్పాలి, ఎందుకంటే అలాంటిది మీ ఇంట్లో కూడా ఒకటి మూలన పడి ఉండొచ్చు.

అసలు లినక్స్ ఎందుకు వేశాం?

అది 2015 నాటి ల్యాప్‌టాప్. ఐదో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే అఫీషియల్ సపోర్ట్. అడ్డదారిలో వేయొచ్చు కానీ అప్‌డేట్స్ వస్తాయని గ్యారంటీ లేదు. ఫైనల్ ఇయర్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి ఇంట్లో లేదు.

అందుకని లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. ఇది ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్స్ వస్తాయి. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాం. నిజం చెప్పాలంటే స్పీడ్ పెరగడంలో సగం క్రెడిట్ ఎస్ఎస్‌డీదే. పాత హార్డ్‌డిస్క్‌ని విండోస్‌తో సహా అలాగే కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టాం. ఏదైనా తేడా వస్తే మళ్లీ బిగించుకోవచ్చు.

స్టెప్ 1: ఇన్‌స్టాల్ నొక్కకముందే టెస్ట్ చేయండి

బండి కొనేముందు ఒక రౌండ్ వేసి చూస్తాం కదా, లినక్స్‌లో కూడా ఆ సౌకర్యం ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓ ఫైల్‌ని ఎచర్ లాంటి టూల్‌తో రాసి, దాంతో బూట్ చేస్తే డెస్క్‌టాప్ మొత్తం పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. మీరు ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కనంతవరకు మీ డిస్క్‌లో ఉన్నవాటికి ఏమీ కాదు.

ఒక అరగంట కూర్చుని ఇవి చూడండి: వైఫై, బ్లూటూత్, సౌండ్, మైక్, కెమెరా, బ్రైట్‌నెస్ కీలు, ప్రింటర్. మూత వేసి తెరిస్తే స్లీప్ నుంచి సరిగ్గా లేస్తోందా అన్నది కూడా చూడండి. ఫింగర్‌ప్రింట్ రీడర్ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి, చాలా మోడళ్లకు లినక్స్ డ్రైవర్ లేదు.

ఇంకో మాట. మా వైపు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, పాత ల్యాప్‌టాప్‌లకేమో బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్‌లో పెట్టి చేయండి.

స్టెప్ 2: వైఫై రాకపోతే ఫోన్ ఉంది కదా

మాకు అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి, విడిగా సీడీ, సెటప్ ఫైల్ అక్కర్లేదు. కానీ కొన్ని వైఫై చిప్‌లకు కంపెనీవాళ్ల డ్రైవర్ వేరుగా దించుకోవాలి. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ ఎలా దించుకోవాలి?

ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైర్డ్ నెట్‌వర్క్ లాగా గుర్తుపడుతుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే మీ చిప్‌కి సరిపోయే డ్రైవర్ కనిపిస్తుంది, సెలెక్ట్ చేసి రీస్టార్ట్ చేయడమే.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. కంగారుపడి కంటిన్యూ బూట్ నొక్కకండి, ఎన్‌రోల్ ఎంఓకే సెలెక్ట్ చేసి అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. లేకపోతే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు.

యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనేవాళ్లు బ్రాండ్ కాకుండా లోపలి చిప్ పేరు చూడండి. మీడియాటెక్ ఎంటీ7612యూ, ఎంటీ7921ఏయూ లాంటి చిప్‌లకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ఇక ప్రింటర్ల విషయానికొస్తే, హెచ్‌పీ మోడళ్లలో ఎక్కువ భాగం హెచ్‌ప్లిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. ఎయిర్‌ప్రింట్ సపోర్ట్ ఉన్న కొత్త వైఫై ప్రింటర్లకు సాధారణంగా డ్రైవరే అక్కర్లేదు.

స్టెప్ 3: మెయిల్ ఫిల్టర్లు, నేను చేసిన తప్పు

మింట్‌తో పాటే థండర్‌బర్డ్ వస్తుంది. మా చెల్లెలి జీమెయిల్‌ని అందులో ఐమ్యాప్ పద్ధతిలో కలిపాను. రోజుకి నలభై యాభై సేల్ మెయిల్స్ వస్తున్నాయని మెసేజ్ ఫిల్టర్స్‌లోకి వెళ్లి ఒక రూల్ రాశాను: సబ్జెక్ట్‌లో సేల్, డిస్కౌంట్, ఆఫర్ అనే మూడు ఇంగ్లీష్ మాటల్లో ఏది ఉన్నా డిలీట్.

ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో కూడా ఆఫర్ ఉంది!

ఐమ్యాప్‌లో ల్యాప్‌టాప్ చేసిన పని సర్వర్ మీద కూడా జరుగుతుంది. అందుకే ఫోన్ ఇన్‌బాక్స్‌లో కూడా ఆ మెయిల్ లేదు. నోటిఫికేషన్లు ఆఫ్‌లో ఉండటంతో వచ్చిన సంగతి కూడా తెలియలేదు. "ఫోన్‌లో జీమెయిల్ తెరిచి బిన్ చూడు" అన్నాను. రెండు రోజుల కిందటి మెయిల్ అక్కడే ఉంది. బిన్‌లో 30 రోజులు ఉంటుంది కాబట్టి బతికిపోయాం. నాలుగుం బావుకి యాక్సెప్ట్ చేసింది. "ఇంకోసారి నా మెయిల్ ముట్టుకోవద్దు" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న రూల్స్ ఇవి:

• ఫిల్టర్‌తో ఎప్పుడూ డిలీట్ చేయకండి. ఒక ఫోల్డర్‌లోకి మూవ్ చేయండి, వారానికోసారి కళ్లతో చూసి ఖాళీ చేయండి.
• సబ్జెక్ట్‌లోని మాటల మీద కాకుండా పంపినవాళ్ల అడ్రస్ మీద రూల్ రాయండి.
• ఫిల్టర్లు పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి. కాలేజీ, కంపెనీ, ఎగ్జామ్ మెయిల్స్‌కి స్టార్ పెట్టే రూల్ అన్నింటికంటే పైన ఉంచండి. దాని చివర స్టాప్ ఫిల్టర్ ఎగ్జిక్యూషన్ పెడితే ఆ మెయిల్స్‌ని కింది రూల్స్ ముట్టుకోవు.
• మ్యాచ్ ఆల్ అంటే కండిషన్లన్నీ కుదరాలి, మ్యాచ్ ఎనీ అంటే ఒక్కటి కుదిరినా చాలు. నా కొంప ముంచింది ఈ రెండోదే.
• ఫిల్టర్ లాగ్ ఆన్ చేసుకోండి. ఏ మెయిల్‌ని ఏ రూల్ కదిలించిందో అందులో రాసి ఉంటుంది.
• థండర్‌బర్డ్ ఫిల్టర్లు అది తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఎప్పుడూ నడవాలంటే జీమెయిల్ సెట్టింగ్స్‌లోనే ఫిల్టర్ పెట్టండి.

తెలుగు సంగతి

చదవడానికి ఇబ్బంది లేదు. టైపింగ్‌కి ఐబస్‌లో ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌తో పాటు ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే పద్ధతులు కూడా వస్తాయి. స్వేచ్ఛ లాంటి సంస్థల వాలంటీర్లు డెస్క్‌టాప్ మెనూలను తెలుగులోకి తేవడానికి పనిచేశారు, కాబట్టి భాష మార్చుకుని కూడా చూడొచ్చు.

ఎవరు మారొచ్చు, ఎవరు ఆగాలి?

బ్రౌజింగ్, కోడింగ్, మెయిల్, సినిమాలు, పీడీఎఫ్‌లు మీ పని అయితే ధైర్యంగా మారండి. 4 జీబీ ర్యామ్‌తో ట్యాబ్‌లు మాత్రం తక్కువ తెరవండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో పెళ్లికార్డులు చేసే డీటీపీ షాపులు, టాలీ మీద నడిచే లెక్కలు, వాలరెంట్ లాంటి గేమ్స్ ఉంటే విండోస్‌లోనే ఉండండి.

మారేవాళ్లు ఫైల్స్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక టైమ్‌షిఫ్ట్‌లో స్నాప్‌షాట్ షెడ్యూల్ పెట్టండి. ఏదైనా అప్‌డేట్ చెడగొడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు. అయితే టైమ్‌షిఫ్ట్ మీ ఫోటోలు, డాక్యుమెంట్లను మామూలుగా దాచదు, వాటి బ్యాకప్ మీరే చూసుకోవాలి.

మా చెల్లెలు ఇప్పటికీ ఆ ల్యాప్‌టాప్‌నే వాడుతోంది. ఫిల్టర్లు మాత్రం తనే రాసుకుంటోంది.